సూదమ్మ దుంపలు, పొన్ని ఆకులు

రెండు కొండల నడుమ ఉసిరిలోయ అనే అడవి ఉండేది. అందులో జింకలు, కోతులు, ఉడుతలు, ఎలుగుబంట్లు కలిసిమెలిసి బతికేవి. లోయ మధ్యలో ఒక చిన్న వాగు పారేది. ఆ వాగుకు ఎగువన, ఎర్రమట్టి గట్టులో బొరియ తవ్వుకుని సూదమ్మ అనే ఏదుపంది కాపురముండేది.

సూదమ్మ ఒళ్ళంతా పొడవాటి ముళ్ళు. కాళ్ళకు గట్టి గోళ్ళు. నేల తవ్వడంలో ఆమెకు సాటి ఎవరూ లేరు. ఏ తీగ కింద పెండలం ఊరిందో మట్టి వాసన చూసి చెప్పేసేది. తవ్విందంటే ఆవుదూడ తలంత దుంప బయటికి రావాల్సిందే.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. గడ్డి ఎండిపోయింది. చెట్లకు కాయలు లేవు, కొమ్మలకు చిగుళ్ళు లేవు. అలాంటి కరువులో అడవిని బతికించింది సూదమ్మ తవ్విన పెండలం దుంపలే. తెల్లారితే చాలు, అందరూ ఆమె బొరియ ముందు చేరేవాళ్ళు.

"నువ్వే లేకపోతే మా పిల్లలు ఏమైపోయేవాళ్ళో తల్లీ!" అనేది చుక్కమ్మ అనే జింక.

ఆ మాట వింటే సూదమ్మకు కడుపు నిండిపోయేది. పొగిడినవాళ్ళకు పెద్ద దుంప తీసి పెట్టేది. పొగడడం మరిచిపోయినవాళ్ళకు చిన్నది, అదీ కాస్త పుచ్చినది, ఇచ్చేది. ఈ సంగతి కోతులు తొందరగానే పసిగట్టాయి. అందుకే అవి రోజూ ఆమెను పొగిడి మరీ తినేవి.

ఒకరోజు కొండ అవతలి నుంచి పొన్ని అనే కుందేలు వచ్చింది. అక్కడ కార్చిచ్చు అంటుకుని ఆమె ఇల్లు కాలిపోయింది. నోట కరుచుకుని తెచ్చుకున్న నాలుగు పొన్నగంటి కాడలు తప్ప ఆమె దగ్గర ఏమీ లేవు. అడవికి పెద్ద అయిన భల్లయ్య అనే ముసలి ఎలుగుబంటి దగ్గరికి వెళ్ళింది.

"తాతా, వాగు పక్కన కాస్త తడి నేల కనిపించింది. ఈ కాడలు గుచ్చుకుని అక్కడే ఉండనా?" అని అడిగింది.

"ఉండమ్మా. నీళ్ళు ఎవరి సొత్తు?" అన్నాడు భల్లయ్య.

సూదమ్మ అది విని నవ్వింది. "ఆకులా! బుట్టెడు నమిలినా గుప్పెడు కాదు. వాటితో ఎవరి కడుపు నిండుతుంది?" అంది. అయినా పొన్నికి ఒక పెద్ద దుంప తీసిచ్చింది. తనకంటే తక్కువవాళ్ళకు పెట్టడమంటే సూదమ్మకు ఇష్టమే.

పొన్ని కాడలు గుచ్చింది. వాగులో మునిగి, తడిసిన ఒళ్ళు మడి మీద దులిపి నీళ్ళు పెట్టింది. తడి తగిలేసరికి కాడలు నేలంతా పాకాయి. ఎండిన లోయలో ఆ ఒక్క చోటే పచ్చగా మెరిసింది.

ఇంతలో చుక్కమ్మ కూనకు ఒక జబ్బు పట్టుకుంది. పగలు బాగానే గెంతేది. పొద్దు వాలితే మాత్రం దానికి ఏమీ కనిపించేది కాదు. చెట్లకు గుద్దుకునేది. తల్లి ఎదురుగా నిలబడినా "అమ్మా, ఎక్కడున్నావ్?" అని ఏడ్చేది. చుక్కమ్మ దిగులుతో సగమైపోయింది.

పొన్ని ఆ కూనను చూసింది. "వదినా, మా కొండ అవతల పిల్లలకు ఇలాగే అయ్యేది. మా అమ్మ పొన్నగంటి ఆకు తినిపించేది. నువ్వూ పెట్టి చూడు. ఊరికే తీసుకో" అంది.

కూన రోజూ ఆకు తింది. కొన్నాళ్ళకు ఒక సాయంత్రం అది మసక వెలుతురులో తల్లిని చూసి, ఏ చెట్టుకూ తగలకుండా, పరుగెత్తుకుంటూ వచ్చింది. చుక్కమ్మ దాన్ని నాకుతూ ఆనందంతో ఏడ్చేసింది. మర్నాటికి ఆ కబురు అడవంతా పాకింది.

అప్పటి నుంచి అందరూ ముందు వాగు ఒడ్డుకు వెళ్ళి, ఆ తర్వాత సూదమ్మ దగ్గరికి రావడం మొదలుపెట్టారు.

సూదమ్మ దాన్ని మొదటి రోజే గమనించింది. దుంప కోసం వచ్చిన చుక్కమ్మ మూతికి ఆకుపచ్చటి పసరు అంటుకుని ఉంది.

"పొన్ని ఎంత మంచిదో!" అంది చుక్కమ్మ, సూదమ్మ ఇచ్చిన దుంపనే నములుతూ. "చేతిలో చిల్లిగవ్వ లేకుండా వచ్చింది. ఉన్నదంతా పంచిపెడుతోంది."

సూదమ్మ గోళ్ళతో మట్టి గీరింది. 'ఎండాకాలమంతా వీళ్ళను మేపింది నేను. గోళ్ళు అరిగేలా తవ్వింది నేను. నాలుగు ఆకులు పెట్టినదానికా ఈ పేరు?' అనుకుంది. మర్నాడు చుక్కమ్మకు చిన్న దుంపే ఇచ్చింది. చుక్కమ్మ అది గమనించనైనా లేదు. ఆ సంగతి సూదమ్మను ఇంకా మండించింది.

ఏదుపందులు పగలు బొరియలో పడుకుంటాయి. కానీ సూదమ్మకు నిద్ర కరువైంది. వాగు వైపు నుంచి నవ్వులు వినిపిస్తే చాలు, చెవులు అటే పోయేవి. 'నన్ను చూసే నవ్వుతున్నారా? ఆకు గొప్పదనుకుంటున్నారా?' అని లోలోపల రగిలిపోయేది. పొన్ని ఎదురుపడి "అక్కా, బాగున్నావా?" అంటే, "నాకేం లోటు?" అని మొహం తిప్పుకునేది.

చివరికి ఉండబట్టలేక, అందరూ ఇప్పచెట్టు కింద చేరిన వేళ, మధ్యలోకి వచ్చి నిలబడింది.

"దుంప గొప్పదా, ఆకు గొప్పదా? ఈరోజు తేలిపోవాలి" అంది.

పొన్ని తెల్లబోయింది. "అక్కా, నా ఆకు గొప్పదని నేనెప్పుడన్నాను?"

"నువ్వు అనలేదు. నీ తరఫున అడవంతా అంటోంది."

చెట్టు మొదలుకు వీపు రుద్దుకుంటున్న భల్లయ్య ఆగాడు. "దేన్ని బట్టి తేల్చాలమ్మా?" అని అడిగాడు.

"బలాన్ని బట్టి! సగం కోతులు కొన్నాళ్ళు దుంపలే తినాలి. మిగతా సగం ఆకులే తినాలి. ఆ తర్వాత అందరూ తలా ఒక రాయి మోసుకుంటూ కొండెక్కాలి. ఎవరు ముందెక్కితే వాళ్ళు తిన్నదే గొప్పది."

"కూడు చేసే పని బలమివ్వడం ఒక్కటేనా?" అన్నాడు భల్లయ్య.

ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. పందెం అనగానే కోతులు కిచకిచమంటూ కొమ్మలెక్కి ఊగడం మొదలుపెట్టాయి.

పందెం రోజు రానే వచ్చింది. దుంపలు తిన్న కోతులు రాళ్ళు భుజాన వేసుకుని చకచకా ఎక్కేశాయి. ఆకులు తిన్న కోతులు సగం కొండకే చతికిలబడ్డాయి. వాటి నాయకుడు కొండిగాడు రాయి కింద పడేసి, పొట్ట పట్టుకుని కూర్చున్నాడు.

"నా కాళ్ళు వణుకుతున్నాయిరా నాయనా! ఎవరైనా ఒక్క దుంప పెట్టండర్రా!" అని కేక పెట్టాడు.

అందరూ గొల్లున నవ్వారు. సూదమ్మ ముళ్ళు విప్పుకుని గట్టు మీద అటూ ఇటూ తిరిగింది. పొన్ని మొహం చిన్నబోతుందని ఎదురుచూసింది. పొన్ని మాత్రం నేరుగా ఆమె దగ్గరికే వచ్చింది.

"నిజమే అక్కా. నీ దుంపలో ఉన్న సత్తువ నా ఆకులో లేదు. కొండెక్కాలంటే నీ దుంపే తినాలి" అంది.

ఓడినదాని నోట ఇంత చల్లటి మాట రావడం సూదమ్మకు నచ్చలేదు. పొన్ని ఏడ్చి ఉంటే ఆమెకు బాగుండేది.

భల్లయ్య అందరినీ దగ్గరికి పిలిచాడు. "పెండలం నిండా పిండి ఉంటుంది. పిండి కడుపు నింపుతుంది, ఒంటికి వేడినీ బలాన్నీ ఇస్తుంది. ఆకులో పిండి ఉండదు. అందుకే కొండిగాడు కూలబడ్డాడు. కానీ కంటికి చూపు, ఒంటికి రక్తం, పుండు మానే గుణం ఆకు నుంచి వస్తాయి. ఈరోజు మనం కొలిచింది ఒక్క బలాన్నే..."

"గెలుపోటములు తేలాక ఇంకా మాటలెందుకు తాతా?" అంటూ సూదమ్మ మధ్యలోనే తుంచేసింది.

ఆ సాయంత్రం ఆమె గట్టు మీద నిలబడి వాగు వైపు చూసింది. పందెం గెలిచింది తనైతే, చుక్కమ్మ కూన మాత్రం ఎప్పటిలాగే పొన్ని మడి దగ్గర నిలబడి ఆకు తింటోంది. దాని పక్కనే కొండిగాడు కూడా ఉన్నాడు. ఒక చేత్తో దుంప, ఇంకో చేత్తో ఆకు పట్టుకుని తింటున్నాడు.

సూదమ్మ ముళ్ళు నిక్కబొడుచుకున్నాయి.

అందరూ వెళ్ళిపోయేదాకా ఆగింది. పొన్ని పడుకోవడానికి తన పొదలోకి చేరాక గట్టు దిగింది. ఇన్నాళ్ళూ అడవికి తిండి పెట్టిన ఆ గోళ్ళతోనే పొన్నగంటి మడిని వేళ్ళతో సహా పెళ్ళగించింది. కాడలను వాగులోకి నెట్టింది. మిగిలిన వేళ్ళను బురదలో తొక్కేసింది. ఆ ఊపులో తన ముళ్ళు రెండు ఊడి బురదలో పడ్డాయి. ఆమె చూసుకోలేదు.

తెల్లవారాక పొన్ని ఆ ముళ్ళు పట్టుకుని బొరియ ముందుకు వచ్చింది.

"అక్కా, ఇవి నీవి. మడిలో దొరికాయి."

"అడవిలో ఏదుపందిని నేనొక్కదాన్నేనా?" అంది సూదమ్మ. ఆ లోయలో ఏదుపంది ఆమె ఒక్కతే.

పొన్ని చేతిలోని ముళ్ళ వైపు చూసింది. "నీకేం లోటు చేశానక్కా?" అంది.

సూదమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. పొన్ని ముళ్ళను గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళిపోయింది. వాగు రాళ్ళ మధ్య చిక్కుకున్న కాడలు ఏరుకుని, ఎవరికీ ఏమీ చెప్పకుండా, కొండ దాటి వెళ్ళిపోయింది.

సూదమ్మకు ఎదురులేకుండా పోయింది. మళ్ళీ అందరూ ఆమె గుమ్మంలోనే చేరారు. ఆమెనే పొగిడారు. కానీ ఆ పొగడ్తల్లో ఏదో తేడా ఉంది. "పొన్ని ఎందుకు వెళ్ళిపోయిందో పాపం" అని ఎవరో ఒకరు అంటూనే ఉన్నారు. వెళ్ళిపోయాక కూడా పొన్ని పేరు తన గుమ్మంలోనే వినాల్సి రావడం సూదమ్మకు నరకమైంది.

నెలలు గడిచాయి. దుంప తప్ప వేరే తిండి లేదు. కడుపులు నిండుతున్నాయి గానీ ఒళ్ళు పాలిపోతున్నాయి. చుక్కమ్మ కూనకు మళ్ళీ రేచీకటి వచ్చింది. తర్వాత చుక్కమ్మకు, ఆ తర్వాత కోతులకు. కొండిగాడు పొద్దువాలాక అందని కొమ్మ కోసం దూకి కింద పడ్డాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

సూదమ్మకు కూడా మసక మొదలైంది. ఒక సాయంత్రం తన బొరియ గుమ్మానికే ముక్కు గుద్దుకుంది. 'మంచు పట్టింది కాబోలు' అనుకుంది. మర్నాడు కూడా గుద్దుకుంది. అప్పుడు అర్థమైంది. కానీ పైకి చెప్పలేదు. చెబితే పొన్ని గెలిచినట్టే కదా.

"సూదమ్మా, నీకూ కనిపించడం లేదా?" అని అడిగింది చుక్కమ్మ.

"నాకేం? శుభ్రంగా కనిపిస్తోంది" అంది సూదమ్మ, ఆమె గొంతు వినిపించిన వైపు తల తిప్పి.

"ఎవరైనా వెళ్ళి పొన్నిని పిలుచుకొస్తే బాగుంటుంది" అన్నాడు భల్లయ్య.

"పోయినదాన్ని బతిమాలడమెందుకు? నా దుంపలు చాలడం లేదా? చాలకపోతే చెప్పండి, తవ్వడం మానేస్తాను" అంది సూదమ్మ.

అందరూ నోళ్ళు మూసుకున్నారు. ఆ దుంపలు లేకపోతే రేపు పిల్లలకు పెట్టడానికి ఏమీ లేదు.

ఒకరోజు పొద్దు గుంకే వేళ అందరూ గట్టు మీద దుంపలు తింటున్నారు. చుక్కమ్మ ఉన్నట్టుండి ముక్కు పైకెత్తింది. "చిరుత!" అని అరిచింది. వాసనైతే తెలిసింది గానీ, అది ఏ వైపు ఉందో ఆమెకు కనిపించలేదు. జింకలు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. కోతులు చెట్లనుకుని బండల మీదికి దూకాయి. పిల్లలు ఏడుస్తున్నాయి.

చిరుత రావడం ఇదే మొదటిసారి కాదు. ముందు వచ్చినప్పుడల్లా సూదమ్మే దాన్ని తరిమేది. దానికి వీపు తిప్పి, ముళ్ళు నిక్కబొడిచి, వెనక్కి దూసుకెళ్ళేది. ముళ్ళు గుచ్చుకుంటే చిరుత కుంటుకుంటూ పారిపోయేది.

ఇప్పుడూ సూదమ్మ ముందుకు దూకింది. మసకలో ఒక నల్లటి ఆకారం కనిపించింది. దానికి వీపు తిప్పి, ముళ్ళు విప్పి, బలమంతా పెట్టి వెనక్కి దూసుకెళ్ళింది. అది చిరుత కాదు, ఎండిన మొద్దు. ముళ్ళన్నీ ఆ మొద్దులో దిగబడ్డాయి. అసలు చిరుత ఆమె మొహానికి ఎదురుగా నిలబడి ఉంది.

పంజా ఒక్కటే దెబ్బ వేసింది. సూదమ్మ ఎడమ కంట్లో నిప్పులు పోసినట్టయింది.

అప్పుడే భల్లయ్య గర్జిస్తూ వచ్చి చిరుత మీద పడ్డాడు. అతను ముందు నుంచీ ఒక్క దుంప మీదే బతకలేదు. ఎంత దూరమైనా నడిచి వెళ్ళి, దొరికిన చిగురూ, పువ్వూ, చెదపురుగూ, ఏది దొరికితే అది తినేవాడు. అందుకే ఆ మసకలోనూ అతని చూపు తప్పలేదు. చిరుత చుక్కమ్మ తొడ మీద గీరి, పొదల్లోకి పారిపోయింది.

సూదమ్మ చాలా రోజులు బొరియలోంచి లేవలేదు. గాయం మానడం లేదు. ఒక మధ్యాహ్నం భల్లయ్య చూడటానికి వచ్చాడు. ఆమె తల ఎత్తకుండానే అంది.

"తాతా, పొన్ని మడిని తవ్వేసింది నేనే."

"తెలుసమ్మా. నీ గుమ్మం దగ్గర ఆ రెండు ముళ్ళు చూశాను. వాటికి అంటిన బురద వాగుది."

"మరి ఎందుకు అడగలేదు?"

"నీ అంతట నువ్వే చెబుతావని చూశాను. నేను అలా చూస్తూ కూర్చోబట్టే ఇంత జరిగింది. ఆ తప్పు నాది" అన్నాడు ముసలి ఎలుగుబంటి.

సూదమ్మ చాలాసేపు ఏడ్చింది. తర్వాత లేచింది. "నన్ను కొండ దాటించు తాతా" అంది. ఒక పెద్ద దుంప నోట కరుచుకుని, భల్లయ్య బొచ్చుకు ఆనుకుని, పట్టపగలే బయలుదేరింది.

కొండ అవతల కాలిన నేల మళ్ళీ చిగురించింది. అక్కడొక నీటి ఊట పక్కన పొన్ని మడి కనుచూపు మేర పచ్చగా పరుచుకుని ఉంది. కుందేళ్ళు, ఉడుతలు, నెమళ్ళు ఆమెకు సాయంగా నీళ్ళు పెడుతున్నాయి. పొన్ని సూదమ్మను చూసి ఆగిపోయింది.

"కంటికేమైంది?" అంది.

"నా చేతులారా పోగొట్టుకున్నాను. నీ మడిని పాడు చేసింది నేనే. ఆ రోజు నీ మొహం చూసి చెప్పలేకపోయాను. లోయలో పిల్లలకు చూపు పోతోంది పొన్నీ. నాలుగు కాడలు ఇస్తావా?"

పొన్ని కళ్ళల్లో ఆనాటి బాధ ఇంకా ఉంది.

"కాడలు ఇస్తాను. ఎన్ని కావాలంటే అన్ని పట్టుకెళ్ళు. కానీ నేను మళ్ళీ అక్కడికి రాను. నాకిక్కడే బాగుంది. మడి నువ్వే వేసుకోవాలి, నీళ్ళు నువ్వే పెట్టాలి" అంది. తర్వాత దుంప వైపు చూసింది. "ఇక్కడ ఆకులకు కొదవ లేదు గానీ, పిల్లలు ఒంట్లో సత్తువ లేక వేలాడిపోతున్నారు. ఆ దుంప ఇక్కడ పెట్టి వెళ్ళు. వీలైతే ఇంకొన్ని పంపించు."

అలా కాడలు ఇటు వచ్చాయి, దుంపలు అటు వెళ్ళాయి.

సూదమ్మ వాగు ఒడ్డున తానే మళ్ళీ నేల చదును చేసింది. తానే కాడలు గుచ్చింది. ఆకు ఎదిగింది. లోయలో పిల్లలకు మెల్లగా చూపు వచ్చింది. చుక్కమ్మ తొడ మీది గాయం మానింది. కొండిగాడు మళ్ళీ పొద్దువాలాక కొమ్మలు పట్టుకుని ఊగాడు. సూదమ్మ కుడికంటి మసక కూడా పోయింది. ఎడమకన్ను మాత్రం ఇక తెరుచుకోలేదు.

వానలు వచ్చాక ఒక సాయంత్రం చుక్కమ్మ కూన మడి దగ్గరికి వచ్చింది. నోటినిండా ఆకు నములుతూ, "పొన్ని పిన్ని ఆకు ఎంత మంచిదో!" అంది.

నీళ్ళు పెడుతున్న సూదమ్మ గుండెలో చిన్న మంట లేచింది. అది పూర్తిగా ఎప్పటికీ పోదేమో. ఆమె ఆ మంటను మింగేసింది.

"అవును, మంచిదే" అంది. ఆ మాట అనడం ఆమెకు దుంప తవ్వడం కంటే కష్టమైంది. ఆ తర్వాత ఒక దుంప విరిచి కూన ముందు పెట్టింది. "ఇది కూడా తిను. ఆకుతో చూపు వస్తుంది, దీంతో కాళ్ళకు బలం వస్తుంది. చిరుత వస్తే చూడాలి, చూసి పరుగెత్తాలి కదా."

నీతి: ఎదుటివారి మంచిని ఓర్వలేక తుడిచేస్తే, ఆ మంచి మనకూ దక్కకుండా పోతుంది, ఒకరి గొప్పదనం ఇంకొకరిని తక్కువ చేయదు, బతకడానికి ఇద్దరి మంచీ కావాలి.